గేటు ముందు తిట్లు

పాకాల నుంచి రెండు వ్యాన్లలో ఇరవై రెండు మంది ఆడవాళ్ళను తెచ్చి, చంద్రగిరి రోడ్డులో మూతబడిన ఒక కాలేజీ ముందు దించాడు ఆదిమూలం. సినిమాలకు జనాన్ని తోలుకొచ్చే పని అతనిది. కాలేజీ గేటుకు కొత్త రంగు వేసి, పైన జెండా కట్టి, కుండీల్లో ఖర్జూరపు చెట్లు నిలబెట్టి, దాన్ని గల్ఫ్ దేశంలోని మన ఎంబసీగా మార్చేశారు.

గంగులమ్మ ఆ చెట్టు ఆకును గిల్లి చూసింది. ప్లాస్టిక్.

"ఏమ్మే కృపా, ఎట్లుండాది మన ఎంబసీ?"

"ఎండ మటుకు అచ్చం ఆడి మాదిరే ఉండాదక్కా," అంది కృపారాణి, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

వచ్చినవాళ్ళలో అసలు గేటును చూసింది వాళ్ళిద్దరే. తొమ్మిదేళ్ళ కిందట ఇళ్ళల్లో పనికని గల్ఫ్ పోయి, జీతం లేక, పాస్‌పోర్టు యజమానుల చేతుల్లో చిక్కి, ఒంటిమీది బట్టలతో పారిపోయి ఆ గేటు చేరారు. వాళ్ళను ఇంటికి పంపిన అధికారి పేరు సుదర్శనం. ఆయనదీ పాకాల దగ్గరి పల్లెే. రెండేళ్ళ కిందట కాలం చేశాడు. ఇప్పుడు ఆయన జీవితాన్ని సినిమాగా తీస్తున్నారని తెలిసి, గంగులమ్మ తానే పోయి ఆదిమూలం దగ్గర పేరు రాయించుకుంది. ఆ మనిషిని ఎట్లా చూపిస్తారో కళ్ళారా చూడాలని.

డైరెక్టరు వాసుదేవ్ మైకు పట్టుకున్నాడు. గడ్డం పెంచిన కుర్రవాడు, మాట మెత్తన.

"అమ్మా, బాగా వినండి. సార్ గేటు తీసుకుని బయటికొస్తారు. మీరందరూ ఒక్కసారిగా ఆయన కాళ్ళమీద పడాలి. 'మా దేవుడివయ్యా' అని ఏడవాలి. ఈ సీనే సినిమాకు ప్రాణం."

గంగులమ్మ లేచి నిలబడింది. "కాళ్ళమీద పడలేదు సామీ. మేము తిట్టినాము."

"ఎవర్ని?"

"ఆయన్నే."

ఆడవాళ్ళలో నవ్వు పుట్టింది. ఆదిమూలం పరుగెత్తుకొచ్చాడు. "కూసోమ్మా! నిన్ను పిలిచింది పడేదానికి, కత చెప్పేదానికి కాదు."

"నువ్వుండప్పా. ఆ పొద్దు ఆ గేటుకాడ నువ్వుండావా? నేనుండాను."

వాసుదేవ్ మైకు దించి దగ్గరికి వచ్చాడు. గంగులమ్మ చెప్పింది. పదకొండు రోజులు గేటు బయట కూర్చున్నారు. పాస్‌పోర్టు లేనిదే లోపలికి వదలమన్నాడు కాపలావాడు. పాస్‌పోర్టు ఉంటే ఈడికెందుకు వస్తామన్నా వినలేదు. పన్నెండో రోజు కృపారాణి స్పృహ తప్పింది. అప్పుడు గంగులమ్మకు మే నెల అని, ఊళ్ళో గంగమ్మ జాతర జరుగుతుంటుందని గుర్తొచ్చింది. జాతరలో వేషాలు కట్టి అమ్మవారినే నోరారా తిడతారు. తిడితేనే తల్లి ఉలిక్కిపడి బిడ్డల వైపు చూస్తుందని నమ్మకం. మొక్కితే చూడని వాళ్ళను తిట్టి చూద్దామని గంగులమ్మ గేటు పట్టుకుని మొదలుపెట్టింది. తక్కినవాళ్ళు అందుకున్నారు.

"లేచినాక నేనూ తిట్టినాను సార్," అంది కృపారాణి. "మేము చర్చికి పోయేవాళ్ళం. అయినా ఊళ్ళో జాతర చెవులు మూసుకుంటే వినపడకుండా పోతుందా?"

"మరి సుదర్శనం గారు?"

"మేడమీద కిటికీ తెరిచినాడు. కిందికొచ్చినాడు. చేతులు కట్టుకోని మొత్తం విన్నాడు. 'అయిపాయనా, ఇంకా ఉండాదా?' అన్నాడు. పాకాల మాట! మాకు ఏడుపొచ్చింది. ఒకామె కాళ్ళమీద పడబోతే ఎనక్కి జరిగినాడు. 'తిట్టిన నోటితోనే ఊరూ పేరూ చెప్పు తల్లీ' అన్నాడు. కుర్చీ బయటికి తెప్పించుకోని, గేటు ముందర్నే అందరి పేర్లూ రాసుకున్నాడు. వారంలో ఔట్‌పాస్‌లు ఇప్పించి ఇమానం ఎక్కించినాడు."

వాసుదేవ్ కొంచెంసేపు ఏమీ అనలేదు. "చాలా బాగుందమ్మా," అన్నాడు చివరికి. "కానీ హీరోను తిడితే జనం ఒప్పుకోరు. సినిమా వేరు. ఒక్క నిమిషం పని, పడి లేవండి."

గంగులమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కోపం రాలేదు. చెప్పాల్సింది ఇంకా చెప్పలేదనిపించింది.

"పనిచేసిన యింట్లో నాలుగేండ్లు ఆ యమ్మ చెప్పులు పట్టుకోని బతిమలాడినాను నాయనా, ఇంటికి పంపమని. ఆ గేటుకాడ్నే మొదటిసారి నిలబడి మాట్లాడినాను. నువ్వు మళ్ళా పడమంటావుండావు. నేను పడను."

ఆదిమూలం పళ్ళు నూరాడు. "ఇంకోసారి నీకు సినిమా పని పిలిస్తే సూడు!"

"పిలవగాకలే."

మొదటిసారి కెమెరా తిరిగింది. కోటు తొడుక్కున్న హీరో గేటు తీశాడు. ఇరవై ఒక్కమంది పడ్డారు. మధ్యలో గంగులమ్మ మొక్కజొన్న కర్రలాగా నిలబడింది. కట్. ఆమెను పక్కకు జరగమన్నారు. జరగలేదు. రెండోసారి కృపారాణి కూడా లేచింది. వెనకనున్న పంకజాక్షి, "నాకు మోకాళ్ళ నొప్పులు సామీ," అంటూ నిలబడింది. ఆమెకు పాతికేళ్ళు దాటలేదు. మూడోసారికి నేలమీద ఉన్నవాళ్ళు ఐదుగురే.

పొద్దు వాలుతోంది. వెలుతురు పోతోందని కెమెరా అతను గొణిగాడు. వాసుదేవ్ మెత్తదనం పోయింది. "ఇదే ఆఖరు! పడనివాళ్ళు వెళ్ళిపోండి! రోలింగ్!"

గేటు తెరుచుకుంది. హీరో రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

గంగులమ్మ ఒకడుగు ముందుకేసింది. "ఒరే, నీ కుర్చీ ఇరగ! నీ కలం ఎండిపోను! పాకాల సంతలో గొర్రెను కొన్నా రెండుమాట్లు మొగం సూస్తారు గదరా! పదకొండు దినాలు మా మొగం సూసినావా నువ్వు?"

"నీ గేటుకు చెదలు పట్ట!" అంది కృపారాణి.

ఇక ఎవరికీ నేర్పే పని లేకపోయింది. ఉగ్గుపాలతో విన్న తిట్లు. పడిన ఐదుగురూ దుమ్ము దులుపుకుని లేచారు. హీరో చాచిన చేతులు తనంతట తానే దించి, ఒకడుగు వెనక్కి వేశాడు. అతని ముఖంలో నటన లేదు.

"కట్! కట్!"

కెమెరా ఆగిందో లేదో గంగులమ్మ చూడలేదు. దీన్ని సినిమాలో ఉంచుతారో, కోసి పారేస్తారో ఆమెకు తెలియదు. రేపు మద్రాసు నుంచి వేరే ఆడవాళ్ళను తెచ్చి పడేయించుకుంటే ఆపలేదు. కానీ ఆ పడినవాళ్ళలో గంగులమ్మ ఉండదు.

కొంగు నడుముకు బిగించి, మైకు వైపు తిరిగింది.

"ఒరే సినిమావోడా! నీ డబ్బా పగల! యాడికి పోతావుండావు, నిలబడు, నీకింకా మొదలే పెట్టలేదు!"