వార్నిష్ మీది బూడిదరంగు

వీధిలో అందరూ అతన్ని బొమ్మల డాక్టరు అంటారు. పాత చిత్రాల మీది మసీ, పసుపెక్కిన వార్నిషూ వదలగొట్టడం అతని పని. ముందు గదిలో భార్య ఫ్రేములు కడుతుంది. వెనక గదిలో అతను దూది చుట్టిన పుల్లలతో కూర్చుంటాడు.

ఆ బొమ్మ తెచ్చింది ఒక పెద్దావిడ. వేసింది ఆవిడ అన్నయ్య. కలల్లాంటి బొమ్మలు వేసే అధివాస్తవికులన్న పేరు అప్పుడప్పుడే వినబడుతున్న రోజుల్లో వేశాడట. బొమ్మలో వంటగదిలోకి సముద్రం వచ్చింది. అలల మీద కుట్టుమిషను తేలుతోంది. పొయ్యి మీద గిన్నెలో చెప్పులు ఉడుకుతున్నాయి. కిటికీ దగ్గర ఒక కుర్రవాడు నిలబడ్డాడు. మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద.

"పొగ పట్టిపోయింది నాయనా. కాస్త తుడిచిపెట్టు, చాలు," అని చెప్పి వెళ్ళింది.

మసి వదిలాక అతని చూపు ఆ ముద్ద మీద పడింది. భూతద్దం పెట్టి చూశాడు. బూడిదరంగు కింద వార్నిష్, వార్నిష్ కింద మరో రంగు ఉన్నాయి. వార్నిష్ వేశాడంటే చిత్రకారుడి పని అయిపోయినట్టే. ఆ పైన కనిపించే రంగు ఇంకెవరిదో అయి ఉంటుంది. అతని వృత్తిలో అందరూ నమ్మే సూత్రం అది.

"ఎవరో పాడుచేశారు," అన్నాడు భార్యతో.

"చెప్పులు ఉడుకుతుంటే తప్పనిపించలేదు గానీ, మొహం లేకపోతే అనిపించిందా మీకు?"

"నీకు తెలీదులే."

"నాకు తెలీదు సరే. ఆవిడకి తెలుస్తుందిగా, ఒక్క మాట అడగండి."

అతను అడగలేదు. చూసి మురిసిపోతుందనుకున్నాడు. దూది మందులో తడిపి ఆ బూడిదరంగు కొంచెం కొంచెంగా తీశాడు. కింద నుంచి నవ్వుతున్న మొహం బయటపడింది. ముందుపన్ను ఒకటి విరిగి ఉంది.

పెద్దావిడ బొమ్మ చుట్టుకుపోవడానికి దుప్పటి తెచ్చుకుంది. బొమ్మ ముందు నిలబడి, విరిగిన పన్ను దాకా వేలు తీసుకెళ్ళి ఆపింది.

"మా తమ్ముడు," అంది. "నీళ్ళలో పోయాడు."

"ఎవరో పైన రంగు పూసేశారమ్మా, నేను..."

"ఎవరో ఏమిటి, మా అన్నయ్యే. వాణ్ణి కాటికి సాగనంపి వచ్చి, తడి బట్టలైనా మార్చకుండా వేలితో పూశాడు. ఈ సముద్రం అంతకుముందే వేశాడు. ఆ నీళ్ళని తనే పిలిచి తెచ్చాననుకున్నాడేమో. కంట తడి పెట్టలేదు. బతికినన్నాళ్ళూ వాడి పేరెత్తలేదు."

"అదే రంగు కలిపి మళ్ళీ వేస్తానమ్మా."

"నువ్వు వేస్తే నీదవుతుంది. తమ్ముడు నాకు ఫోటోల్లో ఉన్నాడు నాయనా. అన్నయ్య ఏడ్చింది ఇక్కడొక్కచోటే." బల్ల మీది పుల్లల వైపు చూసింది. "తుడిచిన ఆ దూదైనా ఉందా?"

ముందు గదిలో సుత్తి చప్పుడు ఆగింది. మందుతో తడిసిన దూది ఇంట్లో ఉంటే నిప్పంటుకుంటుందని ఏ రోజుది ఆ రోజే పెరట్లో కాల్చేస్తారు. అతను తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ దుప్పటి మడత పెట్టింది. సరిగా కుదరక విప్పి మళ్ళీ పెట్టింది. అతను బొమ్మ ఎత్తి ఇవ్వబోయాడు.

"ఉండనీ," అంది. "తీసుకెళ్ళి ఏ గోడకి పెట్టను?"

గుమ్మం దగ్గర అతని భార్య చెయ్యి అందించబోయింది. ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగింది.