వరదనాటి ఫొటో

ఎమ్మెల్యే వీరవెంకటసత్యనారాయణ గారి జీవిత చరిత్ర అచ్చయింది. రామచంద్రపురంలో ఆవిష్కరణ సభ. పుట్టిన ఊరు, చదివిన బడి, వేయించిన రోడ్లు, అన్నీ అందులో ఉన్నాయి. అట్ట మీద మాత్రం ఇరవయ్యేళ్ళ కిందటి వరద ఫొటో. పంచె ఎగ్గట్టి, నావలో తెడ్డు పట్టుకుని నిలబడ్డ నాయకుడు.

తెడ్డు గోదావరి లంకలో చేపలు పట్టే అమ్మిరాజుది, నావా అతనిదే. ఫొటో తీసినంతసేపూ గెడ వేసి నావను ఆపిందీ అతనే. అట్ట మీదికి వచ్చేసరికి అతన్ని కత్తిరించేశారు. పోనీ అంతటితో ఊరుకున్నారా? కొట్టుకుపోతున్న అమ్మిరాజును నాయకుడే ఈదివెళ్ళి ఒడ్డుకు చేర్చారని లోపల రాశారు. నడక రాకముందే గోదావరిలో ఈత నేర్చిన మనిషి గురించి రాయాల్సిన రాతేనా అది!

పీఏ మురళీకృష్ణ వారం ముందే లంకకు వచ్చి తేల్చి చెప్పేశాడు. సభలో మైకు పట్టుకుని, అవునండి, బాబుగారే కాపాడారండి అంటే చాలట. కూతురు నూకరత్నం పేరున ఇళ్ళ స్థలం పట్టా అక్కడే చేతిలో పెడతారట. లేదంటే ఆ స్థలం కోసం చాలామంది కాచుకుని ఉన్నారట. గట్టు కోసుకుపోతోంది, గుడిసె ఈ ఏడాది నిలిచేలా లేదు, కూతురు చూస్తే నిండు నెలలతో ఉంది. అమ్మిరాజు సరేనన్నాడు.

అతన్ని తినేస్తున్నది ఆ అబద్ధం కాదు. ఆ రోజు మొదటి విడతలో ఐదేళ్ళ నూకరత్నాన్ని ఒడ్డున దింపి, ఇంటికప్పు మీదున్న భార్య మహాలక్ష్మమ్మ కోసం మళ్ళీ బయల్దేరుతుంటే, ఈ నాయకుడే నావ ఎక్కాడు. పది నిమిషాలే అన్నాడు. ఈ పక్కనుంచి ఒక ఫొటో, జనంతో ఒక ఫొటో అంటూ రెండు గంటలు తిప్పించుకున్నాడు. అమ్మిరాజు కాదనలేకపోయాడు. లంకకు చేరేసరికి కప్పూ లేదు, మనిషీ లేదు.

కూతురికి ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. అమ్మ ఆఖర్న ఒక్కతే ఉందా అని అది అడిగినప్పుడల్లా, వల తీసుకుని బయటికి పోయేవాడు.

సభలో చెప్పమన్నది చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఎమ్మెల్యే గారికి ఊపొచ్చింది, తన ముందున్న మైకులో అందుకున్నాడు.

"ఈయన్ని గట్టెక్కించి, ఈయన భార్య కోసం మళ్ళీ వెళ్ళానండి. ఆ తల్లి చెయ్యి నా చేతిలోంచే జారిపోయిందండి. పిల్ల జాగ్రత్త బాబూ అంటూ పోయింది."

కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఇది పుస్తకంలో కూడా లేదు. మురళీకృష్ణ గబగబా రాసుకున్నాడు.

పట్టా కోసం వేదికెక్కిన నూకరత్నం దాని వంక చూడనైనా లేదు. అంత కడుపుతోనూ వంగి ఎమ్మెల్యే కాళ్ళు పట్టుకుంది.

"మా అమ్మ ఒక్కతే పోయిందనుకున్నానండి. మీరు చెయ్యి పట్టుకున్నారు. నాకది చాలండి."

లేచి తండ్రి వైపు తిరిగింది. ఆ కళ్ళలో ఇన్నేళ్ళుగా లేని అసహ్యం కనిపించింది అమ్మిరాజుకి.

"మా అమ్మ కోసం ఆయన మళ్ళీ వెళ్తే, నువ్వు గట్టు మీదే ఉండిపోయావా నాన్నా?"

నిజం చెబితే స్థలం పోతుంది. అదీ పోనీ, తల్లి చేతిని పట్టుకున్న ఆ చెయ్యి కూడా పోతుంది దానికి.

"అవునమ్మా," అన్నాడు. "భయమేసింది."

మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది. సభంతా విన్నది.