జాబితాలో చివరి భవనం

అయినా ఇంత చిన్న కాగితాన్ని నలగకుండా పట్టుకోవడం కూడా చేతకావడం లేదేమిటి నాకు, ఉన్నవి మూడే పేర్లు, పురపాలక కార్యాలయం, గ్రంథాలయం, పెద్దల విశ్రాంతి కేంద్రం, మూడింటిలోనూ చలికాలం వేడినిచ్చే బాయిలర్లూ వేసవిలో చల్లబరిచే ఏసీలూ నాకంటే ముందు ఉద్యోగంలో చేరినవే, ఇన్నేళ్లూ వచ్చిన కాస్త మరమ్మతు డబ్బు మొదటి రెండు భవనాలకే అయిపోయేది, వాటిని పూర్తిగా మార్చడానికి పైనుంచి ఈసారి నిజంగానే నిధులొచ్చాయి, కాకపోతే రెండు భవనాలకే సరిపోతాయి, ఏ రెండో పట్టణ ఇంజనీరుగా నేను చెప్పాలి, చెప్పడానికేముంది, ఆరేళ్లుగా పంపుతున్న వరుసే, కార్యాలయం, గ్రంథాలయం, ఆ తర్వాతే పెద్దల కేంద్రం, టైపిస్టు పాత కాగితం మీద తేదీ ఒక్కటి మార్చి ఇచ్చింది, కౌన్సిల్ మీటింగులో అధ్యక్షుడుగారు ఇంకా చెత్త బండ్ల అంశం దగ్గరే ఉన్నారు, నా అంశం ఐదోది, కళ్లు మూసుకుంటే ఈ కుర్చీలోనే నిద్రపోయేలా ఉన్నాను.

ఇవాళ పొద్దున ఫోన్ చేశాడు బాబాయి, మా మెకానిక్, అందరికీ బాబాయే, పెద్దల కేంద్రంలో బాయిలర్ మళ్లీ ఆగిందమ్మా ఒకసారి వచ్చి చూడు అని, వెళ్లేసరికి నేలమాళిగలో మోకాళ్ల మీద కూర్చుని టార్చి వెలుగులో పగులు చూపించాడు, నా చిటికెన వేలంత పొడవు, పోయినేడాది వేసిన అతుకు పక్కనే, ఇంక దీనికి అతుకులు వేయడం నా వల్ల కాదు తల్లీ, అతుకు పట్టుకోవడానికి ఇనుమంటూ మిగలాలి కదా అని, అదే నివేదికగా రాసి నా చేతిలో పెట్టాడు, పైకొస్తే హాల్లో అందరూ కోట్లతోనే కూర్చున్నారు, గాజు తలుపు మీద ఆవిరి, మా అత్తయ్య చేతితొడుగుల వేళ్ల చివర్లు కత్తిరించేసుకుని పేక ముక్కలు పంచుతోంది, నన్ను చూడగానే పక్కకు లాక్కెళ్లి, ఇదిగో, నా కోసమని మీటింగులో ఏమీ అడగకు, నలుగురూ నానా మాటలంటారు, నాకేం చలి లేదు అంది, ఆమె చెయ్యి నా మణికట్టు మీద పడితే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా ఉంది, నేను సరే అత్తయ్యా అన్నాను, అంతకంటే సులువైన మాట దొరకలేదు, వెనకాల టేబుల్ దగ్గర రిటైరైన పోస్ట్‌మన్ తల ఎత్తకుండానే ముక్క వేస్తూ, మీ అత్తగారికి మొహమాటం, మీకు భయం, మధ్యలో మాకు చలి అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే బయటికొచ్చి కారులో ఎంతసేపు కూర్చున్నానో, తాళం తిప్పాలన్న సంగతే తోచలేదు.

భయమేమిటి, నాకేం భయం, కార్యాలయానికి రోజూ వందల మంది వస్తారు, గ్రంథాలయంలో పిల్లలు చదువుకుంటారు, కారణాలు రాయడం నాకు వచ్చు, ఆరేళ్లూ రాశాను, ఒక్క తప్పు లేకుండా, కానీ కార్యాలయం బాయిలర్‌కి ఇంకా పదేళ్లు ఢోకా లేదని బాబాయి ఎన్నిసార్లు చెప్పలేదు, చెప్పాడు, చెప్పినప్పుడల్లా తల ఊపి వేరే సంగతి ఎత్తాను, నిన్న రాత్రి అన్నం తింటూ మా ఆయన, అమ్మ చేతులు రాత్రంతా వెచ్చబడటం లేదు అని పెరుగు కలుపుకున్నాడు.

ఐదో అంశం, మేడమ్ చెప్పండి అంటున్నారు అధ్యక్షుడుగారు, లేచాను, కాగితం చూశాను, చూసి బల్ల మీద బోర్లా పెట్టాను, మొదట పెద్దల కేంద్రమండీ, తర్వాత గ్రంథాలయం, కార్యాలయం ఈసారికి వద్దు, దాని బాయిలర్ ఇంకో పదేళ్లు నడుస్తుంది, అన్నాను, జాబితాలో వేరేలా ఉంది కదా అన్నారాయన, ఉందండీ, ఆ జాబితా తప్పు, తప్పు నాదే, మెకానిక్ నివేదిక ఇదిగో, పెద్దల కేంద్రం బాయిలర్ పొద్దున ఆగిపోయింది, ఇక దాన్ని వెలిగించనివ్వను, కొత్తది వచ్చేదాకా వాళ్లని గ్రంథాలయం కింది హాల్లో కూర్చోబెడతాను, ఎడమవైపు నుంచి సభ్యుల్లో ఒకడైన మందుల షాపాయన, ఆయనే అంటాడని ఆరేళ్లుగా తెలుసు, మీ అత్తగారు వెళ్లేది అక్కడికేగా మేడమ్ అన్నాడు, అవునండీ, వెళ్తారు, ఆవిడతో పాటు ఇంకో ముప్పైమంది వెళ్తారు, అన్నాను, ఎవరో దగ్గారు, అంటే ఇంకో పదేళ్లు మేం ఈ పాత బాయిలర్‌తో ఇలాగే నెట్టుకురావాలా అన్నారు అధ్యక్షుడుగారు, అవునండీ, ఇలాగే, ఎవరో నవ్వారు, చేతులు లేపమన్నారు, ఏడింటిలో ఐదు లేచాయి, ఐదో చెయ్యి మందుల షాపాయనదే, లేపిన చేత్తోనే కళ్లజోడు సర్దుకుని, ఆరో అంశం ఏమిటండీ, వీధి దీపాలా అని అడిగాడు.

కూర్చున్నాను, గెలిచినట్టేమీ లేదు, మా అత్తగారి గురించి ఆ మాట అనడానికి మందుల షాపాయనకి ఊపిరి పీల్చి వదిలినంత సేపు పట్టింది, విని బతకడానికి నాకు అంతకంటే ఎక్కువ పట్టలేదు, ఆ ఒక్క మాట పడకూడదనే కదా ఆరు చలికాలాలు, నిధుల్లేవని అందరితో అన్నాను, ఇంట్లో అన్నాను, నాతో నేనూ అనుకున్నాను, లేనివి నిధులు కావు, ముప్పైమందిని చలిలో కూర్చోబెట్టి నేను వెచ్చగా దాచుకున్నది నా మంచిపేరు.