అద్దం మీద ఆవిరి

అద్దాన్ని ఇవతల ఒకసారి తుడిస్తే చాలు. అవతల మాత్రం రెండుసార్లు తుడవాలి. ముందు సబ్బునీళ్లు, తర్వాత పొడిగుడ్డ. కంటికి కనబడనంత సన్నగా సబ్బు పొర మిగలాలి, అప్పుడే ఊపిరి తగిలినా ఆవిరి పట్టదు. అతను మోకాళ్ల మీద కూర్చుని, పెట్టె వెనక తలుపులోంచి భుజం దాకా చెయ్యి దూర్చి, ఎటో చూస్తూ ఆ పని చేస్తున్నాడు. ఇరవై ఏడేళ్లుగా చేస్తున్న పనికి కళ్లతో అవసరం లేదు. మోకాళ్లు మాత్రం ఈమధ్య ప్రతిదానికీ పేచీ పెడుతున్నాయి.

ఆ పెట్టె ఒక బొరియ. అంటే టీవీలో అడవి జంతువుల సినిమాలు చూసేవాళ్లకి బొరియ. ఈ రేకుల షెడ్డులో అది మోకాలెత్తు దిమ్మ మీద నిలబెట్టిన ప్లైవుడ్ పెట్టె. లోపల ఇనప జాలీ, దాని మీద మట్టీ సిమెంటూ జిగురూ కలిపి చేత్తో పామిన పూత, పైనుంచి వేలాడే నిజమైన చెట్ల వేళ్లు. ఒక పక్క గోడ బదులు అద్దం, ఆ అద్దం ముందు కెమెరా. లోకంలో ఏ జంతువూ ఒక పక్క అద్దం బిగించుకుని బొరియ తవ్వుకోదు. అయినా నేల కింద అంత వెలుగు ఎక్కణ్ణించి వచ్చిందని ఇన్నేళ్లలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అతన్ని అందరూ బొరియల బాబాయ్ అంటారు. తెర మీద అతని పేరు ఎప్పుడూ పడలేదు. పేరు వేస్తే బొరియలు కట్టేవాడొకడు ఉన్నాడని ఒప్పుకున్నట్టవుతుంది కదా. దానికి అతనికి కోపమేం లేదు. మొదట్లో ఉండేదేమో, ఇప్పుడు గుర్తులేదు.

పెట్టె వెనక గూట్లో నక్క పడుకుని ఉంది. దానికి పదకొండేళ్లు. గూట్లోనే పుట్టింది, అడవి మొహం ఎరగదు. మూతి చుట్టూ ఎర్రటి బొచ్చు బూడిద రంగుకి తిరిగింది, ఎడమ కంట్లో పాలపొర కమ్మింది. ఆరు సినిమాల్లో తల్లి వేషం వేసింది గానీ జన్మలో ఒక్క పిల్లని కనలేదు. షెడ్డులో వాళ్లు దాన్ని హీరోయిన్ అంటారు. అతను "పిల్లా" అంటాడు. అతని భార్య మాత్రం మొదట్నుంచీ "మా సవతి" అనే అంటుంది.

అలా అనడానికి కారణం లేకపోలేదు. పెళ్లయిన పదిహేనో ఏడు ఆవిడ రెండు నెలలు కూర్చుని మొగుడికి నీలం స్వెటర్ అల్లింది. అతను నాలుగు రోజులు తొడుక్కుని, అయిదోరోజు షెడ్డుకి పట్టుకెళ్లి బొరియలో మట్టి కింద పరిచేశాడు. అతని ఒంటి వాసన ఎక్కడుంటే నక్క అక్కడ పడుకుంటుంది. కెమెరాకి ఎదురుగా, సరిగ్గా గుర్తు పెట్టిన చోట నక్కని పడుకోబెట్టడానికి అంతకంటే మంచి ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు. "అల్లింది మీకు, పరుచుకున్నది అది" అని ఆవిడ నెల రోజులు దెప్పింది. రోజూ నక్కతోక తొక్కే మనిషికి ఒక్క లాటరీ అన్నా తగలదేంటని ఇప్పటికీ నవ్వుతుంది. నిజంగానే ఒకసారి తొక్కాడు. తగిలింది లాటరీ కాదు, పిక్కకి నాలుగు పళ్ల గాట్లు.

అతని తప్పులు పట్టేదీ ఆవిడే. ఒక సినిమాలో తల్లి వెనక మూడు పిల్లలు బొరియలోకి దూరాయి. ఆ మూడూ అడవివి. లోపల పడుకున్నవి షెడ్డువి, నాలుగు. ఆ నాలుగింటినీ పడుకోబెట్టింది అతను, ఎడిట్ చేసింది ఎవరో, చూసింది ఎన్ని లక్షల మందో. ఇంట్లో సోఫాలో కూర్చున్న భార్య మాత్రం "మూడు వెళ్లాయి, నాలుగు పడుకున్నాయి. గుమ్మం దాటేలోపు ఒకటి కనేసిందా?" అంది.

ఈ రోజు షెడ్డుకి ఆఖరి రోజు. ఇకమీదట జంతువుల్ని కంప్యూటర్లోనే చేస్తారట. వాటికి మేత పెట్టక్కర్లేదు, పెంట ఎత్తక్కర్లేదు. గుడ్లగూబా, ఎలుకలూ, ముంగిసా పోయినవారం జంతు ప్రదర్శనశాల బండి ఎక్కి వెళ్లిపోయాయి. నక్కని మాత్రం వాళ్లు వద్దన్నారు. పళ్లు చూసి, కంట్లో టార్చి వేసి, తల అడ్డంగా ఊపారు. రేపు పొద్దున్న డాక్టరు సూదిమందు పట్టుకుని వస్తాడు. అది తప్పాలంటే ఒకటే దారి. నక్కని ఇంటికి తీసుకెళ్లనిస్తూ కంపెనీ మేనేజరు కాగితం మీద సంతకం చెయ్యాలి. పది రోజుల్నుంచి అతను ఆ కాగితం కోసం తిరుగుతున్నాడు. మేనేజరు గదిలో ఉండడు, ఫోన్ ఎత్తడు. చివరికి డైరెక్టరమ్మకి జాలేసి, "నేను తెప్పిస్తాను బాబాయ్. మీరు నాకీ షాట్ ఒక్కటి చేసిపెట్టండి" అంది. ఆవిడకి ముప్పై అయిదేళ్లుంటాయి, మాట మంచిది, నిద్ర తక్కువ.

ఆ షాట్ చావుది.

కెమెరామన్ రెండు చలికాలాలు అడవిలో ఒక తల్లి నక్క వెనకాల తిరిగాడు. ఎడమ చెవి కొస తెగిన నక్క అది. వేట దొరికింది, పిల్లలు దొరికాయి, మంచులో పరుగులు దొరికాయి. మూడో చలికాలం మొదట్లో అది కనబడకుండా పోయింది. ఏ పొద కింద పోయిందో ఎవరూ చూడలేదు. జనాన్ని గంటసేపు దాని వెంట తిప్పి, చివర్న "ఏమైందో తెలీదు" అంటే ఊరుకోరని డైరెక్టరమ్మ అంటుంది. అందుకని ఆ నక్క తన పిల్లల్ని పెంచిన బొరియలోనే ప్రశాంతంగా కన్నుమూయాలి.

అతను చిన్న కుంచె, నల్ల జిగురు తీసుకుని గూటి ముందు కూర్చున్నాడు. ముందు తన ఎడమ చెవి పట్టుకుని చూసుకున్నాడు. ఒకప్పుడు ఫొటో ఎదురుగా పెట్టుకుని చేస్తూ కుడి చెవికి గాయం పెట్టేశాడు. ఆ సినిమాలో ఒకే నక్కకి బయట ఒక చెవి, లోపల ఒక చెవి తెగి ఉంటాయి. అప్పట్నుంచి తన చెవి ముట్టుకోకుండా పని మొదలుపెట్టడు. నక్క చెవి కొస లోపలికి మడిచి, జిగురు రాసి, రెండు వేళ్లతో కాసేపు నొక్కి పట్టుకున్నాడు. అది కదల్లేదు. పొద్దున్న పెట్టిన గుడ్డు పెట్టినట్టే ఉంది.

"ఏం పిల్లా, ఆకలి లేదా?" అన్నాడు. అది కళ్లు మూసుకుంది.

భోజనాల వేళకి డైరెక్టరమ్మ పరుగులాంటి నడకతో వచ్చి అతని చేతిలో ఒక కవరు పెట్టింది. లోపల కాగితం, దాని కింద మేనేజరు సంతకం. అతను రెండుసార్లు చదువుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి అరచేత్తో అదుముకున్నాడు. వెంటనే భార్యకి ఫోన్ చేశాడు.

"సంతకం అయింది."

అవతల నీళ్ల చప్పుడు ఆగింది. "అయితే మా సవతి వస్తున్నట్టే?"

"సాయంత్రం తీసుకొస్తా."

"బట్టలుతికే గది కడుగుతున్నా. కిటికీకి జాలీ కూడా కొట్టించేశా. దానికి గుడ్డు ఉడకబెట్టాలా, పచ్చిదేనా?"

"పచ్చిదే."

"పదకొండేళ్లు చాటుగా కాపురం చేశారు. ఇంక ముగ్గురం కలిసే ఉందాం" అని నవ్వింది ఆవిడ. అతను కూడా నవ్వాడు. ఎన్నాళ్లయిందో అలా నవ్వి.

ఆ సంతోషంలోనే డైరెక్టరమ్మని ఒక మాట అడిగాడు. "అమ్మా, ఇవాళ దానికి ఒంట్లో బాగున్నట్టు లేదు. పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఈ షాట్ వద్దనుకోలేమా?"

డైరెక్టరమ్మ గడియారం చూసుకుంది. నాలుగింటికి లైట్లు తీసుకుపోయే బండి వస్తుంది. "పడుకోవడమే కదా బాబాయ్. ఒక్క షాట్."

జేబులో కాగితం పెట్టుకుని కాదని ఎలా అంటాడు? సరేనన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అతన్ని తినేసింది ఆ సరే ఒక్కటే.

లైట్లు ఒక్కసారిగా వేస్తే నక్క బెదురుతుంది. నాలుగు అంచెల్లో, అంచెకి పది నిమిషాలు ఆగుతూ పెంచాలి. పెంచాడు. మట్టి కింద స్వెటర్ సర్దాడు. వెనక తలుపు తీశాడు. నక్క మెల్లగా లోపలికి నడిచి, వాసన చూసి, స్వెటర్ ఉన్న చోట మూడు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది. ముక్కు అద్దానికి ఆనించింది. కెమెరా తిరుగుతోంది.

మధ్యాహ్నానికే సబ్బు పొర ఎండిపోయినట్టుంది. ముక్కు దగ్గర అద్దం మీద చిన్న ఆవిరి చుక్క పుట్టి, విచ్చుకుని, మళ్లీ ముడుచుకుపోయింది.

"ఆవిరి పడుతోంది బాబాయ్" అన్నాడు కెమెరామన్ గొంతు తగ్గించి.

అతను గుడ్డ తీసుకుని లేవబోయాడు. డైరెక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు, లేస్తుంది. తర్వాత గ్రాఫిక్స్‌లో తీసేస్తారు."

చేతిలో గుడ్డతో అలాగే కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్లు ఆ ఆవిరి పట్టకుండా చూడటమే అతని ఉద్యోగం. అది వచ్చేదీ పోయేదీ ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడు వేలి ముద్రంత, పోయేటప్పుడు అంచుల్నుంచి లోపలికి. మధ్యలో ఒకసారి చాలాసేపు రాలేదు. తర్వాత వచ్చింది. బియ్యపుగింజంత చిక్కిపోయి, మాయమైంది. అతను తర్వాతి దానికోసం ఎదురుచూశాడు. బయట ఏదో లారీ వెనక్కి వస్తూ కూత పెట్టింది. ఆ కూత ఆగిపోయింది. అద్దం తేటగానే ఉంది.

"ఇప్పుడు ఒక్కసారి తల ఎత్తి వాల్చితే బాగుంటుంది" అని గుసగుసలాడింది డైరెక్టరమ్మ. "నిద్రపోతున్నట్టుంది బాబాయ్, చచ్చిపోతున్నట్టు లేదు."

అతను వెనక తలుపు దగ్గరికి వెళ్లాడు. చెయ్యి లోపలికి పెట్టాడు. ఎప్పుడూ నడుం మీద రెండు వేళ్లతో తడితే తల ఎత్తుతుంది. తట్టాడు. ఒళ్లు వెచ్చగానే ఉంది. అరచెయ్యి మొత్తం పక్కటెముకల మీద పరిచి, అలాగే ఉంచాడు.

"అది లేవదమ్మా" అన్నాడు. "ప్రాణం పోయింది."

డైరెక్టరమ్మ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. కెమెరామన్ కెమెరా ఆపి, దాని మీద తన టోపీ బోర్లించాడు.

"అడవిలో దానికి ఎవరూ లేరు బాబాయ్" అన్నాడు కాసేపటికి. "దీనికి మీరున్నారు."

అది ఓదార్పని తెలుస్తూనే ఉంది. అయినా అతనికి ఒళ్లు మండింది. ఇంట్లో కడిగిన గది, దానికో కిటికీ, కిటికీకి జాలీ ఉన్నాయి దీనికి. ఒక్క సాయంత్రం ఆగి ఉంటే అక్కడే పోయేది.

లైట్ల బండి వచ్చాక డైరెక్టరమ్మ అతని దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆ షాట్ వాడుకోమంటారా, వద్దంటారా? మీరు వద్దంటే చెరిపేస్తాను. ఒట్టు."

"వాడుకోండి."

"కానీ బాబాయ్..." అని ఆగింది. "ఉన్నదున్నట్టు చూపిస్తే ఎవరికీ అర్థం కాదు. ఆఖరి ఊపిరి ఒకటి కలపాలి. మంచులో పొగలా బయటికొచ్చేట్టు."

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏదీ బయటికి రానివ్వలేదు. "కలపకుండా ఉండగలిగితే చూడండమ్మా" అన్నాడు. ఆవిడ చూస్తానంది. కలుపుతారని ఇద్దరికీ తెలుసు.

వేడినీళ్లలో గుడ్డ తడిపి చెవి కొస మీది జిగురంతా వదిలించాడు. మడత విప్పి, చెవిని నిలబెట్టాడు. షెడ్డు వెనక కెమెరామన్ గొయ్యి తవ్వుతుంటే, నక్కని నీలం స్వెటర్లో చుట్టి, స్వెటర్ చేతులు రెండూ దాని పొట్ట మీదికి తెచ్చి ముడి వేశాడు. ఇద్దరూ కలిసి మట్టి కప్పారు.

అప్పటికే పెట్టె విప్పుతున్నారు. అతను మరలు తన చేత్తోనే ఊడదీసి, అద్దాన్ని పాత దుప్పట్లో చుట్టుకున్నాడు.

ఇంటి తలుపు తెరిచే ఉంది. భార్య గుమ్మంలో నిలబడి, అతని వెనక్కి, వీధి వైపు చూసింది.

"మా సవతి ఏదండీ?"

అతను జేబులోంచి కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాడు. అంతవరకూ ఆపుకున్నది అక్కడ తెగింది. ఆవిడ అతని భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. బట్టలుతికే గది ఇంకా తడిగానే ఉంది. మూల గోనెపట్టా నాలుగు మడతలు వేసి ఉంది, పక్కన కొత్త గిన్నె, గిన్నెలో గుడ్డు. అతను అద్దాన్ని గోడకి ఆనించి, దుప్పటి తీసి, కిందే కూలబడ్డాడు.

ఆవిడ అలవాటుగా చేతిలో ఉన్న తడిగుడ్డతో వంగింది. "ఇక్కడేదో మరకుందండీ" అంది.

"ఉండనీ" అన్నాడు.

జాలీలోంచి పడుతున్న సాయంత్రపు వెలుగులో, అద్దం మీద, నేలకి జానెడు ఎత్తున, ముక్కు ఆనిన చోట, బొత్తామంత మచ్చ ఆరిపోయి కనబడుతోంది.