హుండీలో వేసిన గాలిగొట్టం

పవిత్ర ఇంట్లో ఏ మూల ఉందో తల తిప్పకుండానే చెప్పగలిగేవాడు ఉమామహేశ్వర. ఎమ్మిగనూరులో తన గుంట మగ్గం మీద కూర్చుని పడుగు మధ్య నాడె అటూ ఇటూ విసురుతుంటే, ఆ చప్పుడు మధ్యలోంచి కూతురి ఊపిరి సన్నని ఈలలా వినబడేది. ఈల పొడుగ్గా సాగితే ఆడుకుంటోందని, తెగి తెగి వస్తే ఏడుస్తోందని అర్థం. ఈల ఆగిపోతే మాత్రం గుంటలోంచి ఒక్క ఉదుటున లేచేవాడు. అప్పటికే ఆ నాలుగేళ్ల పిల్ల పెదాలు నల్లబడి, కళ్లు తేలేసి ఉండేది.

కర్నూలులో డాక్టరు సోమశేఖర్ విడమరిచి చెప్పాడు. ఊపిరితిత్తులకు గాలి తీసుకుపోయే గొట్టం గట్టిగా నిలబడాలి. ఈ పిల్లకు అది తడిగుడ్డలా మెత్తగా ఉంది. ఊపిరి వదిలినప్పుడల్లా అతుక్కుపోతోంది. చాలా అరుదైన జబ్బు, అది ఇంత ముదిరిన బిడ్డను ఆయన కూడా ఇదే చూడటం. ఎదిగేకొద్దీ గొట్టం దానంతటదే గట్టిపడవచ్చు, కానీ అందాకా బిడ్డ బతకాలి. అందుకని గొట్టానికి బయటినుంచి ఒక తొడుగు వేసి, గొట్టాన్ని దానికి కుట్టి, మూసుకుపోకుండా పట్టి ఉంచాలన్నాడు. ఆ తొడుగు ఏ దుకాణంలోనూ దొరకదు.

దాన్ని తయారుచేసే పని నిస్సీ నెత్తిన పడింది. ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ విభాగంలో పరిశోధన చేసే అమ్మాయి. పంపుల మీద పీహెచ్‌డీ చేద్దామని చేరి, ఈ తొడుగులోకి వచ్చి పడింది. కొన్నేళ్లకు ఒంట్లోనే కరిగిపోయే ప్లాస్టిక్‌తో మిషను మీద పొరలు పొరలుగా అచ్చు తీసి తెచ్చేది. డాక్టరు వేళ్ల మధ్య పెట్టి వంచేవాడు. టప్పున విరిగేది. ఆమె ముక్కలు ఏరుకుని బస్సెక్కేది. ఆపైన అనుమతులిచ్చే కమిటీ ఒకటి. ఆ కమిటీ అడిగిన ప్రశ్నలకు జవాబులు రాసి రాసి ఆ పిల్ల కళ్ల కింద నల్లటి చారలు పడ్డాయి. ఉమామహేశ్వర భార్య శివజ్యోతి ఆమెను చూసినప్పుడల్లా, "ఏం తిన్యావు మేడం?" అని అడిగేది, బిడ్డ సంగతి అడగడానికి ముందే.

చివరికి విరగని తొడుగు వచ్చింది. అనుమతీ వచ్చింది. స్కానింగ్ బొమ్మల్ని బట్టి పవిత్ర గాలిగొట్టం నమూనాను కూడా నిస్సీ రబ్బరులాంటి దానితో చేసింది. డాక్టరు ముందుగా ఆ నమూనాకు తొడుగు తొడిగి, కుట్టి, చెయ్యి అలవాటు చేసుకోవాలి.

"ఇది ఒక్కసారి ఇస్తావా? మా అత్తకు చూపిస్తా. కత్తి పెట్టనీయనని కూర్చోనుండాది" అని శివజ్యోతి అడిగింది.

నిస్సీ అలసటలో ఎక్కువ ఆలోచించలేదు. "సోమవారం మరవకుండా తెచ్చియ్యక్కా. నా దగ్గర ఇంకోటి లేదు" అని చేతిలో పెట్టింది.

సోమవారం పాపను ఆసుపత్రిలో చేర్చారు. శివజ్యోతి చేతిలో పాప బట్టలున్నాయి, ఫ్లాస్కు ఉంది. నమూనా లేదు.

"యాడ పెట్టినావు మే?" అన్నాడు ఉమామహేశ్వర.

"ఉరుకుందలో."

"అంటే?"

"ఈరన్నస్వామి హుండీలో ఏసినా." ఆమె తల దించుకోలేదు. "కండ్లు బాగలేనోళ్లు వెండి కండ్లు ఎయ్యరా? కాళ్లు నొచ్చేటోళ్లు వెండి కాళ్లు ఎయ్యరా? మన పాపకు బాగలేనిది ఇదే కదా. చెడిపోయింది ఆయప్పకిచ్చి మంచిది ఇయ్యమని అడిగినా."

అతనికి కోపం రావాలి. కానీ రాలేదు, అంత ఓపిక కూడా మిగల్లేదు. తనే అయినా ఆ పని చేసి ఉండేవాడేమో, తనకు తోచలేదంతే. నిస్సీ మాత్రం గోడకు ఆనుకుని అక్కడే కింద కూర్చుండిపోయింది. అచ్చు తీసే మిషను మూతి విరిగి మూలన పడి ఉంది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. డాక్టరేమో ఒకటే మాట అన్నాడు: "నమూనా మీద చేసి చూడకుండా బిడ్డ గొంతు తెరవను."

హుండీ తెరవమని అడిగి చూద్దామని మరుసటి రోజు ముగ్గురూ ఉరుకుంద పోయారు. కత్తి వద్దన్న అవ్వ హులిగెమ్మే పాప దగ్గర ఉంది. గుడి ఆఫీసులో చిన్న ఈరన్న అనే గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"ఏం పడిందప్పా హుండీలో? ఉంగరమా, సెల్లా?"

"గాలిగొట్టం" అన్నాడు ఉమామహేశ్వర.

"సైకిల్‌దా, మోటారుదా?"

"మా పాపది."

చిన్న ఈరన్న నవ్వు ఆగిపోయింది. సంగతంతా విన్నాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తాళం నా చేతిలో లేదప్పా. పై అధికారులొచ్చి తెరిచే రోజే తెరుస్తారు. మొన్ననే తెరిచినారు, మళ్లీ ఎప్పుడో తెలీదు. లోపల పడినాక అది స్వామిది." ఆయనే పోయి ప్రసాదం తెచ్చి, ముగ్గురి చేతుల్లోనూ పెట్టాడు. నిస్సీ చర్చికి పోయే పిల్ల. కాదనకుండా తీసుకుని, పవిత్రకివ్వాలని రుమాలులో ముడి వేసుకుంది.

బయట ఎండకు బండలు కాలుతున్నాయి. రేకుల నీడన బస్సు కోసం కూర్చున్నారు.

"అక్కా, ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. మొక్కు తీర్చేది బాగైనంకనే కదా?" అంది నిస్సీ.

"అవును."

"మరి నువ్వు ముందే ఎందుకేసినావు?"

శివజ్యోతి తన చేతిలోని ప్రసాదాన్ని కొంగున ముడి వేసుకుంది. "బాగైనంక అనేది ఒకటి వస్తాదో, రాదో అని. అది చేతిలో పట్టుకుంటే మెత్తగా అచ్చం పాప గొంతే అనిపించె. నా చేతిలో ఉన్నన్ని దినాలూ నేనే మొయ్యాల. ఆయప్ప దగ్గర పెడితే కొంచేపన్నా ఆయప్ప మోస్తాడు అనుకున్యా."

ఉమామహేశ్వర భార్య ముఖం వైపు చూడలేకపోయాడు. తాను రోజూ స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మగ్గానికి మొక్కి కూర్చునేవాడే. కానీ తన బరువే చూసుకున్నాడు. ఇంట్లో ఇంకో మనిషి కూడా ఆ ఈల వింటూనే రొట్టెలు కాల్చేదని ఒక్కనాడూ అనుకోలేదు.

"నేనూ ఆ తొడుగు బ్యాగులో పెట్టుకుని ఆదివారం చర్చిలో కూర్చున్యానక్కా" అంది నిస్సీ. "కానుకల సంచి నా ముందుకొచ్చింది. వెయ్యలేదు, అంతే. నమూనా ఇంకోటి చేస్తాలే."

మిషను మూతి వచ్చేలోగా డాక్టరు మళ్లీ ఒకసారి స్కాన్ తీయించాడు. ఎటూ కొత్త నమూనా చెయ్యాలి కదా అన్నాడు. తీస్తే, పాత బొమ్మల్లో కనబడినదానికన్నా మెత్తదనం కిందికి పాకి ఉంది. పాత తొడుగు పొట్టి అవుతుంది. మూతి వచ్చాక నిస్సీ నమూనాతోపాటు తొడుగు కూడా మళ్లీ చేసింది.

"చూసినావా! ఆయప్పే అడ్డం పడినాడు" అంది శివజ్యోతి.

ఉమామహేశ్వర అవుననలేదు, కాదనలేదు. స్వామే ఆపాలనుకుంటే, మళ్లీ స్కాన్ తియ్యాలన్న మాట డాక్టరు మనసులోనే పుట్టించవచ్చు కదా? ఈ నడుమ పాప మళ్లీ నల్లబడింది, ఆసుపత్రి మంచం మీదే. ఆ కష్టం ఎవరి లెక్కలోకి పోతుంది? ఉండబట్టలేక డాక్టరునే అడిగాడు.

"సార్, ఈమె అట్ల చెయ్యకపోయింటే మీరు మళ్లీ స్కాన్ తీయించేవాళ్లా?"

సోమశేఖర్ చేతిలోని స్కాన్ బొమ్మల్ని పక్కన పెట్టాడు. "తీయించేవాణ్ణనే చెప్పాలని ఉంది ఉమామహేశ్వరా. కానీ నిజంగా తెలీదు."

ఆ మాటకు ఉమామహేశ్వర మనసులో ఆయనకు దండం పెట్టుకున్నాడు.

డాక్టరు కొత్త నమూనా మీద కుట్టి చూసుకున్నాక, ఆపరేషన్ ఒకనాడు పొద్దున మొదలై ఎండ వాలేదాకా సాగింది. డాక్టరు బయటికొచ్చి, తొడుగు నిలబడిందని, ఇంకా కొన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలని చెప్పాడు. నిస్సీ బెంచీ మీద కూర్చున్నచోటే నిద్రపోయింది. శివజ్యోతి తన కొంగు మడిచి ఆ పిల్ల తల కింద పెట్టింది.

ఇంటికొచ్చాక ఉమామహేశ్వర మళ్లీ గుంటలో దిగాడు. నాడె విసిరాడు. ఏదో తప్పినట్టనిపించి ఆపాడు. ఈల లేదు. గుంటలోంచి లేచి లోపలికి ఉరికాడు.

పాప చాప మీద నిద్రపోతోంది. పక్కన శివజ్యోతి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి, చప్పుడు చెయ్యొద్దన్నట్టు తల ఊపింది.

"మగ్గం ఆపితివేం?"

"ఏమీ వినపల్యా."

"నాకూ వినపల్యా" అందామె. "దానికే ఈడ కూర్చున్యా."

పాప గుండెల మీద గౌను లేస్తోంది, దిగుతోంది. కాసేపు చూసి వెళ్లి మగ్గం మీద కూర్చున్నాడు. చీర అంచు వేలెడు కూడా సాగకముందే మళ్లీ చెయ్యి ఆగింది. మళ్లీ లేచాడు.