గిరిధర్ పాస్టరు చెప్పిన అర్థం

దేవేంద్ర తండ్రి చనిపోయిన కబురు ఒక ఆదివారం ఉదయం, ఆరాధన మొదలయ్యేందుకు పావుగంట ముందు వచ్చింది.

హిందూపురం రైల్వే గేటు అవతల రేకుల కప్పున్న ఒక అద్దె హాల్లో గిరిధర్ పాస్టరు సంఘం నడుపుతున్నాడు. అప్పటికి అతని వయసు ముప్పై రెండేళ్ళు. సంఘంలో ఉన్నవి పదహారు కుటుంబాలు, వాటిలో దేవేంద్రది ఒకటి. నంబులపూలకుంట పక్కన ఒక పల్లెలో, గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టినవాడు దేవేంద్ర. తూముకుంట దగ్గర ఫ్యాక్టరీలో పనికి వచ్చి, పెళ్ళయిన రెండేళ్ళకు భార్య రేఖతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి తండ్రి దేవప్ప అతనితో మాట మానేశాడు.

దేవేంద్ర హాలు వెనకాల ఉన్న చిన్న గదిలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఉంది.

"అయ్యా, మా నాయన పోయినాడంట. చెల్లెలు ఫోన్ చేసింది. సాయంత్రం మట్టి చేస్తారంట. నేను పోవల్లా, వద్దా?"

"పోతే నిన్ను ఏమేం చేయమంటారు?"

"తల గొరిగిస్తారు. టెంకాయ కొట్టమంటారు. కుండ పట్టుకొని చుట్టూ తిరగమంటారు. నేనొక్కన్నే కొడుకును కదయ్యా."

గిరిధర్ ఎక్కువసేపు ఆలోచించలేదు. బైబిలు తెరిచి సువార్తలో ఆ చోటు వెతికి పట్టుకున్నాడు. ఒకడు ప్రభువు వెంట వస్తానంటాడు. అయితే ముందు ఇంటికి పోయి తండ్రిని పాతిపెట్టి వస్తానని సెలవు అడుగుతాడు. చచ్చినవాళ్ళ సంగతి చచ్చినవాళ్ళే చూసుకుంటారు, నువ్వు రమ్మంటాడు ప్రభువు. గిరిధర్ అది పైకి చదివి, వేలు అక్కడే పెట్టి ఉంచి, "ఇంతకంటే తేటగా ఇంకేం చెప్పాలి దేవేంద్రా?" అన్నాడు.

ఆ రోజుకు ఆ వాక్యం అంత సరిగ్గా దొరికినందుకు అతనికి లోలోపల సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని తర్వాతి కాలంలో అతను చాలాసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

దేవేంద్ర పోలేదు. ఆరాధన జరిగినంతసేపూ ముందు వరసలోనే కూర్చున్నాడు. జేబులో ఫోన్ మూడుసార్లు మోగింది. మూడోసారి తీసి, చూసి, ఆపేశాడు. అందరూ వెళ్ళిపోయిన తర్వాత కూడా సాయంత్రం దాకా హాల్లోనే ఫ్యాను కింద కూర్చున్నాడు. రేఖ పక్కనే కూర్చుని ఉంది. ఊళ్ళో కొడుకు వేయవలసిన మన్ను అల్లుడు వేశాడని నెల తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. తల్లి నరసక్క ఆ తర్వాత ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. తాను చేస్తే ఏమంటుందోనని దేవేంద్ర కూడా చేయలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు, తండ్రి చావుకు కూడా పోకుండా ప్రభువు మాటకు కట్టుబడ్డానని దేవేంద్ర చెప్పే సాక్ష్యం చుట్టుపక్కల సంఘాల్లో బాగా తెలిసిపోయింది. గిరిధరే అతన్ని వెంటబెట్టుకొని మడకశిరకు, లేపాక్షికి, పెనుకొండకు సభలకు తీసుకుపోయాడు. మొదట్లో దేవేంద్ర తడబడుతూ, తల వంచుకుని చెప్పేవాడు. పోనుపోను ఆ మాటలు గట్టిపడ్డాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ జనం "హల్లెలూయ" అంటారో అతనికి తెలిసిపోయింది. పెనుకొండలో ఒక ముసలామె అతని చేతులు పట్టుకొని, "నీలాంటి విశ్వాసం నా కొడుక్కు రావల్లని ప్రార్థన చెయ్యప్పా" అని అడిగింది. ఆ ఏడాదే అతన్ని సంఘ పెద్దగా ఎన్నుకున్నారు.

గత శ్రావణంలో ధర్మవరంలో పాస్టర్లకు మూడు రోజుల తరగతులు జరిగాయి. అర్థం కాని వాక్యాలను ఎలా చదవాలన్నది విషయం. చెప్పడానికి వచ్చిన ప్రమీలమ్మ ఒక వేదాంత కళాశాలలో ముప్పై ఏళ్ళు గ్రీకు నేర్పి రిటైరైన టీచరు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మైకు అక్కర్లేదని పక్కన పెట్టించి మాట్లాడేది. కాయలు కాసే కాలం కాకపోయినా ప్రభువు అంజూరపు చెట్టును ఎందుకు శపించాడు, రెండు వేల పందులు నీళ్ళలో పడి చస్తే వాటిని మేపుకునేవాళ్ళ గతి ఏమిటి, ఇలాంటివి ఒక్కొక్కటే తీసుకుని చెబుతూ, రెండో రోజు మధ్యాహ్నం తండ్రిని పాతిపెట్టి వస్తానన్న మనిషి దగ్గరికి వచ్చింది.

"ఆ నాన్న చచ్చిపోయాడని ఎక్కడుంది? చదవండి" అన్నది.

అందరూ పేజీలు తిప్పారు. గిరిధర్ తిప్పలేదు. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు. అందులో ఆ మాట లేదని అతనికి అప్పుడే, అక్కడే తెలిసింది.

"ఆ దేశంలో చచ్చినరోజే పాతిపెట్టేవాళ్ళు. ఇంట్లో శవాన్ని పెట్టుకుని కొడుకు దారిలో నిలబడి బోధకుడితో మాట్లాడుతుంటాడా? నాన్న బతికి ఉన్నంతవరకూ ఇల్లు విడిచి రాలేను, ఆయన పోయాక వస్తానని ఆ మనిషి వాయిదా అడిగి ఉండవచ్చు. కొందరు అట్లా అంటారు. పాతిపెట్టిన ఏడాదికి ఎముకలు ఏరి రాతి పెట్టెలో దాచేవాళ్ళు, అది అడిగాడని ఇంకొందరు అంటారు. కాదు, ఆ ఒక్క మనిషికి ఆ ఒక్క రోజు చెప్పిన కఠినమైన మాటేనని కూడా అంటారు. ఏది సరైనదో నాకు తెలియదు. కానీ ఇదే నోటితో ఆయన, ఉన్నదంతా దేవునికి ఇచ్చేశామనే వంక పెట్టి తల్లిదండ్రులను వదిలేసేవాళ్ళను తిట్టాడు. అది మరిచిపోయి ఇది చదవకండి."

విరామంలో అందరూ టీ దగ్గరికి పోయారు. గిరిధర్ ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఆ వాక్యం చూపించి ఒక పాస్టరు ఒక మనిషిని నాన్న అంత్యక్రియలకు పోవద్దన్నాడు. ఆ మనిషి పోలేదు. ఇప్పుడు ఆ పాస్టరు ఏం చేయాలి?"

ప్రమీలమ్మ కళ్ళజోడు తీసి అతని ముఖం వంక చూసింది. ఆ పాస్టరు ఎవరని అడగలేదు.

"వెళ్ళి చెప్పాలి" అన్నది. "చెబితే ఏం జరుగుతుందో నాకు తెలియదు నాయనా."

తిరుగు ప్రయాణంలో అతను ధర్మవరంలో రైలు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. వాన లేక చేలల్లో వేరుశనగ పసుపుపచ్చగా మాడిపోయి ఉంది. పెనుకొండ కొండ కనబడి వెనక్కి పోయింది. చెప్పకుండా ఉండటానికి ఎన్ని కారణాలు ఉన్నాయో హిందూపురం వచ్చేదాకా ఒక్కొక్కటే వెతుక్కుంటూనే ఉన్నాడు. దేవేంద్ర ప్రశాంతంగా ఉన్నాడు. అతని మాట విని బలపడినవాళ్ళు ఉన్నారు. చచ్చిపోయినవాడు తిరిగి రాడు. ఇవన్నీ నిజాలే. అయినా మంగళవారం, దేవేంద్ర ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేళకు, వాళ్ళింటికి వెళ్ళాడు.

రేఖ టీ ఇచ్చింది. ఐదేళ్ళ కూతురు అమూల్య గడప దగ్గర బొమ్మల పుస్తకం చూసుకుంటోంది. గిరిధర్ ధర్మవరంలో విన్నది ఏదీ దాచకుండా చెప్పాడు.

"అంటే ఆ సెలవడిగిన ఆయప్ప నాయన బతికే ఉండాడా?" అని చివరకు అడిగాడు.

"ఉండొచ్చు. చాలామంది అట్లే అంటారు."

"మా నాయన చచ్చిపోయినాడు కదయ్యా."

"అవును."

"అయితే ఆ మాట నాకు కాదు."

గిరిధర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "నాకు ఆ పొద్దు ఇదంతా తెలీదు దేవేంద్రా."

"తెలీదని చెప్పినారా?"

"లేదు."

దేవేంద్ర లేచి బయటికి పోయి, కుళాయి దగ్గర మొహం కడుక్కొని వచ్చాడు. తడి మొహంతోనే, "మా ఊరికి పోదాం. మీరూ రాండి" అన్నాడు.

గురువారం ఇద్దరూ కదిరి బస్సెక్కారు. గోరంట్ల దాటేదాకా దేవేంద్ర కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాడు గిరిధర్. కళ్ళు తెరవకుండానే దేవేంద్ర అడిగాడు. "అయ్యా, ఆ మాట విన్నంక ఆ మనిషి ఇంటికి పోయినాడా? లేకుంటే ప్రభువు యనకాలే పోయినాడా?"

"రాసి లేదు."

"రాసి లేదా?"

"లేదు. అంతటితో ఆగిపోతుంది."

"ఎన్ని ఊర్లలో చెప్పినా దాన్ని. ఒక్క తూరి కూడా ఇది అడగాలని తోచలేదు నాకు" అన్నాడు దేవేంద్ర.

కదిరిలో బస్సు మారి, దిగిన చోటు నుంచి రెండు మైళ్ళు నడిచి, మధ్యాహ్నానికి ఊరు చేరారు. నరసక్క ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తి కొడుకును గుర్తుపట్టింది. చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఒలవడంలో పడ్డాయి.

"వచ్చినావా" అన్నది. తర్వాత గిరిధర్‌ను చూసి, "ఈయప్పేనా మీ అయ్యవారు? కూచోండి. నీళ్ళు తాగండి" అన్నది.

దేవేంద్ర ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, నాకు టెంకాయలు కొట్టేది, కుండ పట్టేది ఇష్టం లేక రాలేదు. నాయన మింద కోపంతో కాదు."

"టెంకాయ కొట్టమని నిన్ను ఎవరడిగినార్రా?" అన్నది నరసక్క. గొంతులో కోపం లేదు. అలిసిపోయిన గొంతు. "మీ నాయన ముందే చెప్పినాడు. వాడు వేరే దేవున్ని పట్టుకున్నాడు, వాన్ని బలవంతం చేయొద్దండి, వాని చేత్తో మన్నేస్తే సాలు అన్నాడు. మీ చెల్లెలు అది చెప్పేదానికే మళ్ళా మళ్ళా ఫోన్ చేసింది. నువ్వు ఎత్తలేదు."

దేవేంద్ర నేల మీద పడిన పొట్టు ఏరి ఒక పక్కన కుప్ప పెట్టసాగాడు.

"పొద్దు మునిగేదంకా మీ నాయన్ను పెట్టుకోని నీ కోసం చూస్తిమి" అన్నది ఆమె.

గిరిధర్ చేతిలో నీళ్ళ చెంబు అలాగే ఉంది. తప్పు తనదని, పోవద్దన్నది తనేనని ఆమెతో చెప్పాడు. వాక్యం సంగతి కూడా చెప్పబోయాడు గానీ, ఆ అరుగు మీద, ఆ మనిషి ముందు అది ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆపేశాడు. నరసక్క అంతా విన్నది.

"నీకు తల్లీ తండ్రీ ఉండారా నాయనా?"

"అమ్మ ఉందమ్మా. నాయన పోయి పదేండ్లయింది."

"మన్నేసినావా?"

గిరిధర్ తాతల కాలం నుంచీ వాళ్ళది క్రైస్తవ కుటుంబమే. తండ్రిని సమాధుల తోటలో పాటలు పాడుతూ పాతిపెట్టారు. పోవాలా వద్దా అన్న ప్రశ్న అతనికి ఎన్నడూ రాలేదు.

"వేసినానమ్మా" అన్నాడు.

ఆమె తలాడించి, ఒలిచిన గింజలను చేటలోకి తోసింది.

సమాధి చూపించమని దేవేంద్ర అడిగాడు. ముగ్గురూ ఊరి వెనక్కి నడిచారు. దేవప్పను తన చేనిలోనే గట్టు పక్కన పాతిపెట్టారు. రెండేళ్ళ కిందట ఆ చేనూ, చుట్టుపక్కల చేలూ సోలార్ పలకలకు ఇచ్చేశారు. సేద్యం చేసేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు కదా అన్నది నరసక్క. ఇప్పుడు అక్కడ ఇనుప కంచె ఉంది. కంచె లోపల కనుచూపు మేర నల్లటి పలకలు వరసలు వరసలుగా ఒకే వైపు వాలి ఉన్నాయి. గేటు చాలా దూరంలో ఉంది. రాసి ఇచ్చిన అనుమతి లేకుండా లోపలికి పంపరట.

"యాడుండాది అమ్మా?"

"ఆ మూడో వరస దగ్గరేమో" అని నరసక్క చెయ్యి చాచింది. కాసేపు చూసి, చెయ్యి కొంచెం పక్కకు జరిపింది. "గట్టు ఉన్నప్పుడు తెలిసేది. అంతా చదును చేసినారు. ఇంగ నాకూ తెల్దు రా."

దేవేంద్ర రెండు చేతులతో కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఎండ పలకల మీద పడి కళ్ళలోకి కొడుతోంది. గిరిధర్ దగ్గరికి వెళ్ళి, అలవాటు చొప్పున అతని భుజం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకోబోయాడు.

"ప్రార్థన వద్దయ్యా" అన్నాడు దేవేంద్ర, తల తిప్పకుండా. "మీరు పోండి. నాలుగు గంటలకు బస్సుంటాది. నేను ఈడే ఉంటా."

గిరిధర్ ఒక్కడే తిరిగి వచ్చాడు.

దేవేంద్ర వారం తర్వాత హిందూపురం వచ్చి పనికి పోతున్నాడని తెలిసింది. సంఘానికి మాత్రం రాలేదు. రెండో ఆదివారం గిరిధర్ ప్రసంగం పక్కన పెట్టి, ఆ వాక్యాన్ని చదివి, తాను దానికి చెప్పిన అర్థం తప్పని, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పానని, దాని వల్ల ఒక కొడుకు తండ్రికి మన్ను వేయకుండా పోయాడని నిలబడి చెప్పాడు. సంఘ పెద్ద ఒకాయన లేచి, "ఇదే తప్పయితే మీరు చెప్పిన మిగతావన్నీ ఏం కావల్లయ్యా?" అని అడిగాడు. ఆ నెలలో మూడు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోయాయి.

ఆ రోజు రేఖ అమూల్యను ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుని ఉంది. అతను చెబుతుండగానే లేచి బయటికి పోయింది. ఆరాధన అయ్యాక గిరిధర్ గుమ్మంలోకి వచ్చేసరికి, చెప్పులు విడిచే చోట నిలబడి ఉంది.

"ఎట్లుండాడమ్మా?" అని అడిగాడు.

"అన్నం తినడు. పాపతో కూడా మాట్లాడడు. బైబిలు గుడ్డలో చుట్టి బీరువా మింద పెట్టేసినాడు." పాపను తన వైపు లాక్కుంది. "అయ్యా, అప్పుడు మీరు చెప్పిన మాట తప్పయినా, దాన్ని నమ్ముకోని ఆరేండ్లు బాగనే ఉండె. ఇప్పుడు నిజం చెప్పినారు. మీ బరువు దిగింది. అది తెచ్చి మా ఇంట్లో పెట్టినారు."

గిరిధర్ ఏదో చెప్పబోయాడు.

"నేను తప్పు పట్టడంలేదయ్యా. చెప్పల్లనే చెప్పినారు. మళ్ళీ వారం నుంచి నేను రాను. ఆయప్పను ఒంటిగా ఇడిచిపెట్టేకి నాతో కాదు."

ఆమె వంగి పాపకు చెప్పులు తొడిగింది. ఆటో కోసం ఇద్దరూ గేటు వైపు నడిచారు. లోపల ఎవరో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గిరిధర్ వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, సాయం చేయడానికి లోపలికి వెళ్ళాడు.