మూడో సంపుటం

బ్రెయిలీ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడని అందరూ అక్కయ్య అనేవారు. పుట్టుకతోనే చూపు లేదు. ఎదురుగా కూర్చుని మూలప్రతి చదివి వినిపించేది ఆవిడ మరిది. రైలు తప్పిపోతున్నట్టు చదివేవాడతను. ఆవిడ వేళ్ళు అతనికంటే ముందుండేవి.

అక్కడ ఒక డిటెక్టివ్ నవల రెండు సంపుటాలు అచ్చయి ఆగిపోయింది. బడి పుస్తకాలకే కాగితం చాలక మూడోది మూలపడింది. హంతకుడెవరో తేలేది అందులోనే. పొరుగు దేశంలో అది సిద్ధంగా ఉంది. భాషా ఒకటే. కానీ బ్రెయిలీ ప్రతి సరిహద్దు దాటడానికి కాపీహక్కుల చట్టం ఒప్పుకోదు. ఇక్కడి లెక్కల పుస్తకాలు అక్కడికి పంపాలన్నా అదే గతి.

"పోనీ, నేను చదివి వినిపించనా వదినా?" అన్నాడు మరిది.

"వద్దులే. హంతకుణ్ణి నా వేళ్ళతో నేనే పట్టుకుంటాను."

పదకొండేళ్ళు గడిచాయి. ఈలోగా దేశదేశాల అంధుల సంఘాలు ఏకమై, ఆ అడ్డు తీసేసే ఒప్పందం కావాలని పట్టుబట్టాయి. చివరికి ప్రభుత్వాలన్నీ ఒకచోట సమావేశమయ్యాయి. సంఘం తరఫున అక్కయ్య వెళ్ళింది, తోడుగా మరిది.

సంఘాలవాళ్ళకి లోపల ఓటు లేదు. అందుకని రోజూ లిఫ్టు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ప్రతినిధితోనూ మాట్లాడేవారు. పొరుగు దేశపు ప్రతినిధి మాత్రం తప్పించుకు తిరిగేవాడు. మూడో రోజు మెట్ల వైపు నుంచి, అక్కయ్య అప్పటికే గుర్తుపెట్టుకున్న ఆయన బూట్లు కిర్రుమన్నాయి.

"నమస్కారమండీ. ఇవాళ మెట్ల దారా?" అంది అక్కయ్య.

ఆయన నవ్వాపుకోలేక అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ నవల సంగతి, లెక్కల పుస్తకాల సంగతి చెప్పింది.

"నాకు ఇష్టమేనమ్మా. పైనుంచి ఆదేశం రావాలిగా."

"పైవాళ్ళ గుమ్మం ఎక్కడో చెప్పండి, మేం చూసుకుంటాం."

ఆ సాయంత్రమే అక్కయ్య ఆయన దేశంలోని సంఘానికి ఫోన్ చేసింది. తెల్లారేసరికి రెండొందల మంది చేతికర్రలతో మంత్రి కార్యాలయం ముందు బైఠాయించారు. మధ్యాహ్నానికి ప్రతినిధి తనే వెతుక్కుంటూ వచ్చాడు.

"మావాళ్ళు మంత్రిగారిని భోజనానికి కూడా లేవనివ్వలేదట. ఒప్పుకోమని కబురొచ్చింది."

మర్నాడు ఒప్పందం నెగ్గింది. హాల్లో ఎవరు ఎవరిని కావలించుకుంటున్నారో చూపున్నవాళ్ళకీ తెలియలేదు. మరిది ఏడుస్తూ నవ్వాడు.

దేశాలు సంతకాలు చేసి చట్టాలు మార్చుకునేసరికి మరో రెండేళ్ళు పట్టింది. మూడో సంపుటం వచ్చిన రోజు ప్రెస్సులో యంత్రాలు ఆపేశారు. అక్కయ్య చుట్టూ అందరూ మూగారు. చివరి పేజీల దగ్గర ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

"అయ్యో పాపం. ఇన్నేళ్ళూ ఆ వంటమనిషిని అనుమానించాను. చంపింది డాక్టరు."

అంతా గొల్లున నవ్వారు.

ఆ వారమే ఇక్కణ్ణించి పొరుగు దేశానికి మొదటి పెట్టె బయల్దేరింది, నిండా ఆరో తరగతి లెక్కల పుస్తకాలతో. చిరునామా అక్కయ్యే చుక్కల్లో పొడిచింది.

"పోస్టువాళ్ళు ఇది చదవలేరు వదినా," అంటూ మరిది దాని కిందే సిరాతో రాశాడు.

"పాపం, వాళ్ళకి వేళ్ళతో చదవడం రాదుగా," అంది అక్కయ్య.